కప్ టైడ్ రూల్: ఒక్క మ్యాచ్ ఆడితే సీజనంతా తలుపులు మూసుకుపోతాయా? ఈ పాత నిబంధన ఇప్పుడు అవసరమేనా?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే చాలు.. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ఊళ్లలో టోర్నమెంట్ల సందడి మొదలవుతుంది. మిర్చి కోతలు ఊపందుకునే లోపే క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టేస్తుంటారు. ఆట ఏదైనా సరే, ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ వివరాల కింద పాంప్లెట్‌లో ఓ లైన్ తరచూ కనిపిస్తుంది. ‘ఒక ప్లేయర్ ఒక టీమ్‌కు మాత్రమే ఆడాలి’ అని. కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదటి రౌండ్‌లో ఓడిపోయిన టీమ్‌లోని మంచి బౌలర్‌ను, సెమీస్‌కు వెళ్లిన టీమ్ డబ్బులిచ్చి తెచ్చుకుంటే గొడవే.

సరిగ్గా ఇదే రూల్ ఫుట్‌బాల్‌లో ఎప్పటి నుంచో ఉంది. దాన్నే ‘కప్ టైడ్’ అంటారు. అయితే ఇప్పుడు యూరప్‌లోని పెద్ద టోర్నీలు ఈ రూల్‌ను ఒక్కొక్కటిగా సడలిస్తున్నాయి. కోట్లు పెట్టి కొన్న ఆటగాడిని గ్యాలరీలో కూర్చోబెట్టడం ఏంటని క్లబ్‌లు అడుగుతున్నాయి. మరోవైపు, రూల్ తీసేస్తే చిన్న టీమ్‌లను పెద్ద టీమ్‌లు మింగేస్తాయనే వాదన కూడా ఉంది. ఇంతకీ అసలేంటీ రూల్? ఎందుకొచ్చింది? ఆంధ్ర క్రికెట్‌లో రాష్ట్రం మారాలనుకునే ఆటగాళ్లకు దీంతో పోలికేంటి? వివరంగా చూద్దాం.

అసలేంటీ కప్ టైడ్?

ఒక నాకౌట్ టోర్నీలో, ఒక సీజన్‌లో ఓ ఆటగాడు ఒక క్లబ్ తరఫున బరిలోకి దిగితే, అదే సీజన్‌లో అదే టోర్నీలో ఇంకో క్లబ్‌కు ఆడటానికి వీల్లేదు. 90 నిమిషాలు ఆడాడా, చివరి 5 నిమిషాలు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడా అన్నది లెక్కలోకి రాదు. గ్రౌండ్‌లో కాలు పెడితే ఆ కప్‌కు, ఆ క్లబ్‌తో ముడిపడిపోయినట్లే.

ఇక్కడ ఓ తిరకాసు ఉంది. ఈ రూల్ కప్‌లకే కానీ లీగ్‌కు వర్తించదు. ఉదాహరణకు ఇంగ్లండ్‌లో ఓ ఆటగాడు డిసెంబర్ దాకా ఒక క్లబ్‌కు ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఆడి, జనవరిలో ఇంకో క్లబ్‌కు మారి, మిగతా లీగ్ మ్యాచ్‌లన్నీ కొత్త జెర్సీలో ఆడొచ్చు. తన పాత క్లబ్ మీదే గోల్ కూడా కొట్టొచ్చు. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ కప్ మ్యాచ్ వచ్చేసరికి మాత్రం అదే ఆటగాడు స్టాండ్స్‌లో కూర్చోవాలి. లీగ్‌లో 38 మ్యాచ్‌లు ఉంటాయి కాబట్టి ఒక్కడి వల్ల పెద్ద తేడా రాదని, నాకౌట్‌లో ఒక్క గోల్ చాలని దీనికి చెప్పే కారణం. కొంతవరకు నిజమే. కానీ లీగ్ టైటిల్ కూడా ఒక్క పాయింట్ తేడాతో తేలిన సీజన్లు ఉన్నాయి కదా!

తొలి ఫైనల్‌లోనే మారుపేరు

ప్రపంచంలోనే పాత ఫుట్‌బాల్ టోర్నీ ఇంగ్లండ్‌లోని ఎఫ్‌ఏ కప్. దాని తొలి ఫైనల్ 1872 మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్‌లో జరిగింది. క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన ఓవలే అది. ఆ మ్యాచ్‌లో వాండరర్స్ టీమ్ 1-0తో రాయల్ ఇంజనీర్స్‌ను ఓడించింది. ఆ ఒక్క గోల్ కొట్టిన ఆటగాడి పేరు టీమ్ లిస్టులో ‘ఎ.హెచ్. చెకర్’ అని ఉంది. కానీ ఆయన అసలు పేరు మోర్టన్ బెట్స్.

హ్యారో చెకర్స్ అనే టీమ్ సభ్యుడు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాడు. తొలి రౌండ్‌లో వాండరర్స్‌తో ఆడాల్సిన హ్యారో చెకర్స్ టోర్నీ నుంచి తప్పుకుంది. ఆ టీమ్ మనిషే చివరికి వాండరర్స్‌కు కప్ తెచ్చిపెట్టాడు. అంటే ‘ఇతను ఎవరి ప్లేయర్?’ అనే ప్రశ్న మొదటి ఫైనల్ నాడే పుట్టిందన్నమాట. మన ఊరి టోర్నీల్లో వేరే పేరుతో దిగే ఆటగాళ్లను చూసి నవ్వుకునేవాళ్లు ఈ కథ గుర్తుపెట్టుకోవచ్చు.

అప్పట్లో ఎందుకు అవసరమైంది?

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ విండో అంటే అందరికీ తెలుసు. వేసవిలో ఓసారి, జనవరిలో ఓసారి మాత్రమే ఆటగాళ్లను కొనాలి, అమ్మాలి. కానీ ఈ విండోల పద్ధతి ఇంగ్లండ్‌లో 2002-03 సీజన్ నుంచే వచ్చింది. అంతకుముందు సీజన్ మధ్యలో, మార్చి చివరి గడువు వరకు ఎప్పుడైనా ఆటగాడిని కొనుక్కోవచ్చు. అంటే శనివారం కప్ మ్యాచ్ ఓడిపోయిన టీమ్ స్ట్రైకర్‌ను సోమవారం కొని, తర్వాతి రౌండ్‌లో దింపే అవకాశం ఉండేది. దాన్ని ఆపడానికి ఉన్న తాళం కప్ టైడ్ రూలే. అందుకే అప్పట్లో దాన్ని అంత కఠినంగా పాటించారు.

ఎంత కఠినంగా అంటే.. 1999 డిసెంబర్‌లో ఇంగ్లండ్ లీగ్ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఆస్టన్ విల్లా మీద వెస్ట్‌హామ్ పెనాల్టీ షూటౌట్‌లో గెలిచింది. సంబరాలు అయిపోయాక అసలు విషయం బయటపడింది. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన మానీ ఒమోయిన్మీ అదే సీజన్‌లో, అదే కప్‌లో గిల్లింగ్‌హామ్‌కు లోన్ మీద ఆడాడు. అంటే కప్ టైడ్! అతను ఆడింది కొద్ది నిమిషాలే. అయినా ఫలితం రద్దు చేసి మ్యాచ్ మళ్లీ ఆడించారు. 2000 జనవరిలో జరిగిన ఆ రీమ్యాచ్‌లో విల్లా 3-1తో గెలిచింది. వెస్ట్‌హామ్ క్లబ్ సెక్రటరీ రాజీనామా చేశారు. రికార్డులు చూసుకోవాల్సింది క్లబ్ ఆఫీస్. కానీ ఇప్పటికీ ఆ ఉదంతం చెప్పుకునేటప్పుడు అందరి నోటా వినిపించేది ఆటగాడి పేరే.

రూల్‌ను పక్కనపెట్టిన రోజు కూడా ఒకటుంది. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో జరిగిన విమాన ప్రమాదంలో మాంచెస్టర్ యునైటెడ్ 8 మంది ఆటగాళ్లను కోల్పోయింది. ప్రమాదంలో మొత్తం 23 మంది చనిపోయారు. రెండు వారాలు కూడా గడవకముందే ఫిబ్రవరి 19న ఎఫ్‌ఏ కప్‌లో షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచ్. బరిలోకి దింపడానికి 11 మంది దొరకడమే కష్టమైంది. మ్యాచ్‌కు కాస్త ముందు ఆస్టన్ విల్లా నుంచి స్టాన్ క్రౌథర్‌ను తీసుకున్నారు. అతను ఆ సీజన్ ఎఫ్‌ఏ కప్‌లో అప్పటికే విల్లా తరఫున ఆడేశాడు. రూల్ ప్రకారం కుదరదు. అయినా ఫుట్‌బాల్ అసోసియేషన్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. యునైటెడ్ 3-0తో గెలిచింది. ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లి బోల్టన్ చేతిలో ఓడింది. ఆ ఫైనల్‌లోనూ క్రౌథర్ ఆడాడు. టోర్నీ విలువ పోయిందని ఎవరూ అనలేదు.

కొనడం ఆగలేదు.. ఆడటమే ఆగింది

రూల్‌కు అసలు పరీక్ష ఛాంపియన్స్ లీగ్‌లో వచ్చింది. 2009 జనవరిలో రియల్ మాడ్రిడ్ ఇద్దరిని కొంది. అయాక్స్ నుంచి క్లాస్ యాన్ హుంటెలార్, పోర్ట్స్‌మౌత్ నుంచి లసానా డియారా. ఇద్దరూ ఆ సీజన్‌లో తమ పాత క్లబ్‌లకు యూఈఎఫ్‌ఏ కప్ ఆడి ఉన్నారు. అలాంటి వాళ్లలో ఒక్కరినే ఛాంపియన్స్ లీగ్‌కు రిజిస్టర్ చేసుకోవచ్చని రూల్ చెబుతోంది. రియల్ ఆఫీస్‌లో ఈ లైన్ ఎవరూ సరిగ్గా చదవలేదో, ఎలాగోలా అయిపోతుందిలే అనుకున్నారో కానీ.. చివరికి డియారా పేరు పంపి, హుంటెలార్‌ను వదిలేయాల్సి వచ్చింది. ప్రపంచంలోనే పెద్ద క్లబ్‌కే ఈ రూల్ అర్థం కాకపోతే, మామూలు ఆటగాడికి ఎలా అర్థమవుతుంది?

2018 జనవరిలో ఇంకా పెద్ద కేసు. లివర్‌పూల్ నుంచి ఫిలిప్ కౌటీన్యోను బార్సిలోనా కొంది. ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యంత ఖరీదైన డీల్స్‌లో అదొకటి. కానీ గ్రూప్ దశలో లివర్‌పూల్ తరఫున ఆడాడు కాబట్టి ఆ సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనాకు ఆడలేకపోయాడు. బార్సిలోనా క్వార్టర్ ఫైనల్‌లో రోమా చేతిలో ఇంటిదారి పట్టింది. అతన్ని అమ్మేసిన లివర్‌పూల్ మాత్రం ఫైనల్‌కు వెళ్లింది. అదే నెలలో డార్ట్‌మండ్ నుంచి ఆర్సెనల్‌కు వెళ్లిన ఒబామెయాంగ్‌దీ ఇదే పరిస్థితి. యూరోపా లీగ్‌లో ఆర్సెనల్ సెమీస్ దాకా వెళ్తే, అతను బయటి నుంచి చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కప్ టైడ్ రూల్ ఈ డీల్స్‌లో ఒక్కదాన్నీ ఆపలేదు. బార్సిలోనా కొనాలనుకుంది, కొనేసింది. రూల్ ఆపింది ఆటగాడి ఆటను మాత్రమే. పెద్ద క్లబ్‌ల డబ్బుకు కళ్లెం వేయడానికి పెట్టిన రూల్ డబ్బును వదిలేసి ఆటగాడిని పట్టుకుంది.

దాంతో యూఈఎఫ్‌ఏ 2018-19 నుంచి రూల్ మార్చేసింది. నాకౌట్ దశకు ముందు క్లబ్‌లు ముగ్గురు కొత్త ఆటగాళ్లను చేర్చుకోవచ్చు. వాళ్లు గ్రూప్ దశలో ఇంకో క్లబ్‌కు ఆడినా అడ్డు లేదు.

ఆ మార్పు ఫలితం రెండేళ్లు తిరక్కుండానే కనిపించింది. ఎర్లింగ్ హాలండ్ 2019-20 గ్రూప్ దశలో ఆస్ట్రియా క్లబ్ సాల్జ్‌బర్గ్‌కు 8 గోల్స్ కొట్టాడు. జనవరిలో డార్ట్‌మండ్‌కు మారాడు. 2020 ఫిబ్రవరి 18న పారిస్ సెయింట్ జర్మెయిన్ మీద రెండు గోల్స్ కొట్టి డార్ట్‌మండ్‌ను 2-1తో గెలిపించాడు. పాత రూలే ఉండి ఉంటే 19 ఏళ్ల ఆ కుర్రాడి ఆటను ఆ రోజు ప్రపంచం చూసేదే కాదు.

మరి సాల్జ్‌బర్గ్ సంగతేంటి?

రూల్ ఉండాలనేవాళ్లు చూపించేది కూడా ఈ సాల్జ్‌బర్గ్‌నే. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ఆ జనవరిలో ఆ క్లబ్ హాలండ్‌ను మాత్రమే కోల్పోలేదు. జపాన్ ఆటగాడు తకుమి మినామినోను లివర్‌పూల్ తీసుకెళ్లింది. ఆ సీజన్‌లో సాల్జ్‌బర్గ్, లివర్‌పూల్ ఒకే గ్రూప్‌లో ఉన్నాయి. లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో మినామినో గోల్ కూడా కొట్టాడు. ప్రత్యర్థిగా చూసి నచ్చిన ఆటగాడిని గ్రూప్ దశ ముగిసిన కొన్ని రోజులకే లివర్‌పూల్ తన టీమ్‌లో కలిపేసుకుంది. గ్రూప్‌లో మూడో స్థానంతో యూరోపా లీగ్‌కు వెళ్లిన సాల్జ్‌బర్గ్ అక్కడ మొదటి నాకౌట్‌లోనే ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో ఓడిపోయింది.

చిన్న క్లబ్ బాగా ఆడిందంటే జనవరికల్లా ఖాళీ అయిపోతుందనే బాధ నిజమైనదే. పత్తి మొదటి తీత బాగుందని తెలిసిన రోజే బేరగాడు పొలం గట్టు మీద వాలినట్టు ఉంటుంది వ్యవహారం. కానీ దానికి మందు కప్ టైడ్ రూల్ కాదు. హాలండ్‌ను డార్ట్‌మండ్ కొన్నది జర్మనీ లీగ్ కోసం, వచ్చే ఏళ్ల కోసం కూడా. పాత రూల్ ఉన్నా కొనేది. సాల్జ్‌బర్గ్ అప్పుడూ అతన్ని కోల్పోయేది. తేడా ఒక్కటే, హాలండ్ కూడా నష్టపోయేవాడు.

పైగా ఈ రూల్ వల్ల బయటకు పెద్దగా కనిపించని ఇంకో నష్టం ఉంది. జనవరిలో అమ్మాలనుకునే ఆటగాడిని చాలా క్లబ్‌లు కప్ మ్యాచ్‌లలో దింపవు. కప్ టైడ్ అయితే రేటు తగ్గుతుందని భయం. అలాగే కుర్రాళ్లను చిన్న క్లబ్‌లకు లోన్ మీద పంపేటప్పుడు ‘కప్ మ్యాచ్‌లు ఆడించొద్దు’ అని షరతు పెడుతుంటాయి. రేపు వెనక్కి పిలిస్తే పనికిరావాలి కదా అని. అంటే 19, 20 ఏళ్ల ఆటగాడు ఫిట్‌గా ఉండి, ఫామ్‌లో ఉండి, బెంచ్ మీద కూర్చుంటాడు. ఆడితే చిక్కు, ఆడకపోతే అనుభవం రాదు.

2026లో కొత్త గొడవ

ఇంగ్లండ్‌లోని లీగ్ కప్ కూడా.. ప్రస్తుతం కారబావ్ కప్ అంటున్నదే.. 2025-26 సీజన్‌కు రూల్ సడలించింది. ఒక ఆటగాడు సీజన్‌లో రెండు క్లబ్‌ల వరకు ఆడొచ్చని చెప్పింది. దాంతో బోర్న్‌మౌత్‌కు అదే కప్‌లో ఆడిన ఆంటోయిన్ సెమెన్యో, 2026 జనవరిలో మాంచెస్టర్ సిటీకి మారి, న్యూకాజిల్‌తో సెమీ ఫైనల్ తొలి లెగ్‌లో ఆడి గోల్ కొట్టేశాడు. ఏడాది ముందైతే ఇది జరిగే పని కాదు.

కానీ కొన్ని రోజుల తేడాతో అదే సిటీ కొన్న డిఫెండర్ మార్క్ గెహీకి మాత్రం ఫైనల్ ఆడే అవకాశం లేకుండా పోయింది. ఎందుకంటే అతను సెమీస్ తొలి లెగ్ అయిపోయాక చేరాడు. ఆ తర్వాత చేరినవాళ్లు కుదరదని రూల్. కోచ్ పెప్ గార్డియోలా దీనిపై గట్టిగానే అసంతృప్తి వ్యక్తం చేశాడు. కొన్న ఆటగాడిని ఎందుకు ఆడనివ్వరన్నది ఆయన ప్రశ్న.

ఇక్కడ మాత్రం గార్డియోలా వాదన అంత గట్టిగా నిలబడదు. సెమెన్యోకు, గెహీకి మధ్య ఉన్నది తేదీ తేడా. అందరికీ ముందే తెలిసిన తేదీ. గెహీని ఆపింది ‘నువ్వు ఇంతకుముందు ఇంకొకరికి ఆడావు’ అన్న కారణం కాదు, ‘గడువు దాటింది’ అన్న కారణం. పరీక్షకు అప్లికేషన్ చివరి తేదీ లాంటిదే ఇదీ. సెమీస్ మధ్యలో టీమ్‌ను మార్చుకోవద్దనడంలో అర్థం ఉంది. ఆగస్టులో రెండో రౌండ్ ఆడిన పాపానికి ఫిబ్రవరి దాకా శిక్ష వేయడంలోనే లేదు.

మన దగ్గర తాళం ఎవరి చేతిలో ఉంది?

భారత ఫుట్‌బాల్‌లో పాత తరం ఆటగాళ్లు రాష్ట్రాలు మారడం మామూలే. సికింద్రాబాద్‌కు చెందిన ఒలింపియన్ తులసీదాస్ బలరామ్ ముందు హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు ఆడటానికి కోల్‌కతా వెళ్లాక, తర్వాతి కాలంలో బెంగాల్ తరఫున అదే ట్రోఫీ గెలిచాడు. సీజన్లు వేరు కాబట్టి పేచీ లేదు.

కానీ మన రాష్ట్రంలో ‘ఎవరికి ఆడాలి’ అనే ప్రశ్న ఎక్కువగా వినిపించేది క్రికెట్‌లోనే. దానికి గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు కెరీర్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1985లో గుంటూరులో పుట్టిన రాయుడు క్రికెట్ ఆడింది మాత్రం హైదరాబాద్ జట్టుకు. 2002 నవంబర్‌లో, 17 ఏళ్ల వయసులో, ఆంధ్ర జట్టు మీదే ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. ఆ తర్వాత 2005-06లో అదే ఆంధ్ర జట్టుకు మారాడు. మళ్లీ హైదరాబాద్‌కు వెళ్లాడు. ఆ తర్వాత బరోడా, విదర్భ. ఫుట్‌బాల్ ప్లేయర్ అయి ఉంటే ఈ మార్పులు ఎవరూ పట్టించుకునేవారు కాదు. క్రికెట్‌లో మాత్రం ప్రతి మార్పు వెనకా ఓ వివాదమో, ఓ ఎన్‌ఓసీయో ఉంటుంది.

రాయుడికి పడిన పెద్ద తాళం రంజీలో కాదు. 2007లో అతను ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరాడు. అది బీసీసీఐ గుర్తింపు లేని లీగ్. అక్కడ ఆడినవాళ్లకు దేశవాళీ క్రికెట్ తలుపులు మూసేశారు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించాకే మళ్లీ రంజీ ఆడగలిగాడు. టీమిండియా తరఫున తొలి వన్డే ఆడింది 2013 జూలైలో, 27 ఏళ్ల వయసులో. ఒకచోట ఆడితే ఇంకోచోట కుదరదు అనే మాటను కప్ టైడ్ రూల్ ఒక సీజన్‌కు, ఒక కప్‌కు పరిమితం చేసింది. ఐసీఎల్ నిషేధం దాన్ని మొత్తం కెరీర్‌కు వేసింది.

ఇప్పుడు రాష్ట్రం మారాలంటే పాత అసోసియేషన్ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఆటగాళ్లు సాధారణంగా సీజన్ల మధ్య విరామంలోనే దాన్ని తెచ్చుకుంటారు. బయటి రాష్ట్రాల నుంచి ఒక్కో జట్టు తీసుకునే ఆటగాళ్ల సంఖ్యకూ పరిమితి ఉంది. ముగ్గురే. అంటే డబ్బున్న అసోసియేషన్ దేశంలోని స్టార్లందరినీ పోగేసుకోవడానికి కుదరదు. ఇంతవరకు పద్ధతి బాగానే ఉంది. చిక్కల్లా ఆ కాగితం ఇచ్చే చేయి ఎవరిదన్నదే.

కాకినాడకు చెందిన హనుమ విహారి కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ఇందౌర్‌లో మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్‌లో ఆంధ్ర 4 పరుగుల తేడాతో ఓడింది. ఆ రోజే విహారి సోషల్ మీడియాలో బయటపడ్డాడు. ఓ ఆటగాడిని మందలించినందుకు తనను కెప్టెన్సీ నుంచి తప్పుకోమన్నారని, ఆ ఆటగాడి తండ్రి రాజకీయ నాయకుడని ఆరోపించాడు. ఇక ఆంధ్రకు ఆడనని ప్రకటించాడు. తర్వాత మనసు మార్చుకుని ఇంకో సీజన్ ఆంధ్రకే ఆడి, 2025లో త్రిపురకు మారాడు. ఆరోపణల్లో నిజానిజాలు ఎలా ఉన్నా, అంత పేరున్న టెస్ట్ ప్లేయర్‌కే జట్టు మారడం ఇంత పెద్ద వ్యవహారమైతే, నరసరావుపేట నుంచో, మార్కాపురం నుంచో వచ్చి రెండు రంజీ మ్యాచ్‌లు ఆడి బెంచ్‌కు పరిమితమైన కుర్రాడి పరిస్థితి ఊహించుకోవచ్చు. అతని ఎన్‌ఓసీ గురించి ట్వీట్లు ఉండవు, డిబేట్లు ఉండవు.

2025 ఏప్రిల్‌లో యశస్వి జైస్వాల్ గోవాకు మారతానని ముంబై అసోసియేషన్‌ను ఎన్‌ఓసీ అడిగి, మే నెలలో వద్దులే అని వెనక్కి తగ్గాడు. అతనికి ఆ స్వేచ్ఛ ఉంది. అందరికీ ఉండదు.

ఐపీఎల్‌లో ఎలా?

ఐపీఎల్ మధ్యేమార్గం పట్టింది. 2018లో తొలిసారి మిడ్ సీజన్ ట్రాన్స్‌ఫర్ తెచ్చింది. మొదట టీమిండియాకు ఆడని ఆటగాళ్లకే పరిమితం చేసి, తర్వాత మిగతావాళ్లకూ విస్తరించింది. షరతు ఏంటంటే, సీజన్ సగం అయ్యేసరికి ఆ ఆటగాడు రెండు మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు. లోన్ మీద వెళ్లినవాడు తన అసలు ఫ్రాంచైజీతో మ్యాచ్‌లో ఆడకూడదు.

చూడ్డానికి కప్ టైడ్ లాగే ఉన్నా ఇది దానికంటే మెరుగు. ఒక్క మ్యాచ్ ఆడినంత మాత్రాన దారి మూసుకుపోదు. బెంచ్ మీద మగ్గిపోతున్నవాడికి ఇంకోచోట అవకాశం దొరికే వీలుంటుంది. ఆడుతున్న స్టార్లను టోర్నీ మధ్యలో లాక్కెళ్లే వీలూ ఉండదు. అయితే ఫ్రాంచైజీలు దీన్ని వాడటానికి పెద్దగా ఆసక్తి చూపలేదు. పక్క టీమ్‌కు మేలు చేయడం ఎవరికి ఇష్టం?

ఇంతకీ రూల్ ఉండాలా, వద్దా?

ఈ ఉదాహరణలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. వేరే తాళాలు ఉన్నచోట కప్ టైడ్ రూల్ అదనపు బరువు. ఛాంపియన్స్ లీగ్‌లో ట్రాన్స్‌ఫర్ విండో ఉంది. స్క్వాడ్ లిస్టు ఉంది. దానికి గడువు ఉంది. కొత్తవాళ్లు ముగ్గురే అనే పరిమితి ఉంది. ఇవన్నీ కాక, ఒక సీజన్‌లో ఒక ఆటగాడు మూడు క్లబ్‌లకు రిజిస్టర్ కావొచ్చు కానీ సాధారణంగా రెండింటికే అధికారిక మ్యాచ్‌లు ఆడాలని ఫిఫా రూల్ ఉంది. ఇన్ని ఉన్నాక ఆగస్టులో ఆడిన 10 నిమిషాలను పట్టుకుని వేలాడాల్సిన పనిలేదు.

అదే మన సంక్రాంతి టోర్నీకి వస్తే విండో లేదు, రిజిస్ట్రేషన్ లేదు, గవర్నింగ్ బాడీ లేదు. ఉదయం ఓడిన టీమ్, మధ్యాహ్నం ఆడే టీమ్ ఒకే చెట్టు కింద కూర్చుంటాయి. అక్కడ ‘ఒక ప్లేయర్ ఒక టీమ్’ అనేదే ఏకైక తాళం. దాన్ని తీసేస్తే టోర్నీ ఫైనల్‌కు వచ్చేసరికి రెండు టీమ్‌లూ కిరాయి ఆటగాళ్లతో నిండిపోతాయి. ఊరి పేరు జెర్సీ మీదే మిగులుతుంది. కాబట్టి లండన్‌లో పుట్టిన ఈ రూల్ ఇప్పుడు లండన్ కంటే చిలకలూరిపేట పక్క ఊళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

ఈ ప్రాంతంలోనే దీనికి పూర్తి భిన్నమైన పోటీ కూడా ఒకటుంది. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు. అక్కడ అర్హత తేల్చేది ఎద్దు నోట్లోని పళ్లు. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు ఉంటాయి. ఒక రైతు గిత్తకు ఇంకో రైతు గిత్తను జతచేసి ‘కంబైన్డ్ జత’గా దింపడమూ మామూలే. మైక్‌లో ఇద్దరి పేర్లూ, రెండు ఊళ్ల పేర్లూ చదువుతారు. దాచేదేమీ లేదు కాబట్టి గొడవా లేదు.

జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడుతున్న కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు మాత్రం ఓ విషయం చూసుకోవాలి. ఏ టీమ్‌కైనా పేరు ఇచ్చే ముందు ఆ టోర్నీ రూల్స్‌లో రెండు లైన్లు వెతకాలి. ఆడితేనే ఆ టీమ్ ప్లేయర్‌గా లెక్కా, లేక లిస్టులో పేరుంటే చాలా అన్నది ఒకటి. టీమ్ మారడానికి చివరి తేదీ ఏదన్నది రెండోది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కొద్ది నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయో లేదో నిర్వాహకులను ముందే అడిగి, వీలైతే కాగితం మీద రాయించుకోవడం మంచిది. రాష్ట్రం మారాలనుకునేవాళ్లు కొత్త సీజన్ మొదలయ్యే దాకా ఆగకుండా ఎన్‌ఓసీకి లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసి, అది అందినట్టు రసీదు దగ్గర పెట్టుకోవాలి.